గుండ్ల ఊర్లో గుండ్లు తూచిన ఎనిమిదేళ్లు

మా తిరుపతిలో గుండు అనగానే కల్యాణకట్ట గుర్తొస్తుంది. అందుకే ఇంట్లో కూర్చుని గుండ్లు తూచి, ఏరి, కడిగి ఆరబెట్టుకుంటానని చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. గాలి తుపాకీ గుండ్లని తెలిశాక "పిట్టల్ని కొడతావా?" అంటారు. కొట్టను. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అది లేకపోయినా కొట్టను. మిద్దె మీద పది మీటర్లు కొలిచి, గోడకు ఆనించిన పెట్టె ముందు అట్ట పెట్టి కాలుస్తాను. అప్పుడప్పుడు స్టేడియంలో పోటీకి పోతాను. అంతకు మించి ఏమీ లేదు.

ఈ పిచ్చి 2012లో అంటుకుంది. లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన ఏడాది అది. కొనడానికి మాత్రం 2017 దాకా ధైర్యం చాల్లేదు. 2016 ఆయుధాల నియమాల్లో, గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటని గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని ఉంది. అది చదివాక గుర్తింపు కార్డు జిరాక్స్ ఇచ్చి, స్ప్రింగుతో పనిచేసే మామూలు రైఫిల్ ఒకటి తెచ్చుకున్నాను.

రైఫిల్ వచ్చిన కొత్తలో రాత్రిళ్లు అమెరికా వాళ్ల వీడియోలు తెగ చూశాను. అక్కడ చాలామంది కాల్చిన ఇత్తడి తొడుగులను ఏరుకొచ్చి, గరాజులో ఒక మూల బల్ల వేసుకుని, చేతి ప్రెస్సుతో మళ్లీ తూటాలుగా నింపుకుంటారు. తుపాకీ మందు కొలవడానికి చిన్న గరిటెలు, తూకానికి చిన్న త్రాసు, అచ్చులు, అన్నీ చవగ్గా దొరుకుతాయి. అది వాళ్లకు చట్టబద్ధమైన హాబీ. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం, జైలు ఖాయం. మన చిత్తూరు పల్లెల్లో నాటు తుపాకీ కేసులు ఎన్ని చూడలేదు! ఆ దారి మనది కాదు. కానీ వాళ్ల ఓపిక మాత్రం నన్ను పట్టుకుంది. ఒక్కో గుండును చేతిలోకి తీసుకుని చూడడం, తేడాగా ఉన్నదాన్ని పక్కన పెట్టడం గాలి తుపాకీకీ పనికొస్తుంది కదా అనుకున్నాను. అలా ఎనిమిదేళ్లలో కొన్నవీ, చేయించినవీ, పారేసినవీ ఏమిటో చెబుతాను.

ముందు గుండు గురించి రెండు మాటలు. దీన్నే పెల్లెట్ అంటారు, సీసంతో చేసింది. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక బోలుగా ఉండే అంచు. ఆ అంచును ఇంగ్లిషులో స్కర్ట్ అంటారు, నేను పావడా అంటాను. కాల్చినప్పుడు గాలి ఒత్తిడికి ఆ పావడా విచ్చుకుని గొట్టం లోపలి గాడులను పట్టుకుంటుంది. పోటీలకు వాడే రైఫిల్ పెల్లెట్ 0.53 గ్రాములు ఉంటుంది. అమెరికా వాళ్ల లెక్కలో 8.2 గ్రెయిన్లు.

మాది కంసాలి ఇల్లు. నేను బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను గానీ, తాత వాడిన చిన్న త్రాసు, పట్టకారు, ఊదుగొట్టం ఇంకా అటక మీదే ఉన్నాయి. తాత గురివింద గింజలతో తూచేవాడు. గింజ ఒక్కటి సుమారు 0.12 గ్రాములు. అంటే మన పెల్లెట్ నాలుగున్నర గురివిందలకు కాస్త తక్కువ. మొదటి ఆరు నెలలు ఆ త్రాసే వాడాను. ఒక తట్టలో 'పెద్దమనిషి' అని పేరు పెట్టిన ఒక మంచి పెల్లెట్, ఇంకో తట్టలో పరీక్షకు వచ్చినది. ముల్లు ఎటు ఒరిగితే అటు పెట్టెలోకి. బరువెంతో తెలియదు, ఎక్కువో తక్కువో తెలుస్తుంది. ఏరడానికి అది చాలు. కాకపోతే గంటకు వంద కూడా తూగవు. డబ్బాలో ఐదొందలు ఉంటాయి. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. మే నెల తిరుపతిలో ఆ పని చేసి చూడండి, నేను చెప్పేదేమిటో తెలుస్తుంది.

తర్వాత మిల్లీగ్రాము దాకా చూపించే డిజిటల్ త్రాసు కొన్నాను, పదిహేను వందల దాకా అయింది. రెండు విషయాలు గమనించాను. ఒకటి, దానికీ ఫ్యాను గాలి పడదు, పైన మూత ఉన్నా సరే అంకెలు ఊగుతాయి. రెండు, ఆన్ చేసిన పది నిమిషాల తర్వాతే నిలకడకు వస్తుంది. మధ్యమధ్య దాంతో వచ్చిన తూకపు బిళ్లను పెట్టి సరిచూసుకోవాలి. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు వానాకాలంలో ఒకే పెల్లెట్‌ను ఐదుసార్లు పెడితే ఐదు బరువులు చెప్పింది. గాంధీ రోడ్డు వైపు తూకాలు బాగుచేసే ఆయనకు చూపిస్తే "ఇది బాగుచేసే సామాను కాదు సామీ, పారేసి ఇంకోటి కొనుక్కో" అన్నాడు. కొనలేదు. ఎందుకంటే అప్పటికే ఒక లెక్క వేసుకుని ఉన్నాను.

ఆ లెక్క ఇది. నా రైఫిల్ పెల్లెట్‌ను సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పంపిస్తుంది. పది మీటర్లు పోవడానికి 0.06 సెకను పడుతుంది. అంతలో అది భూమి వైపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. రెండు పెల్లెట్ల బరువులో ఒక శాతం తేడా ఉందనుకుందాం, అంటే ఐదు మిల్లీగ్రాములు. శక్తి అంతే ఉంటుంది కాబట్టి వేగంలో అర శాతం తేడా వస్తుంది. జారుడులో ఒక శాతం, అంటే 0.17 మిల్లీమీటర్లు. పోటీ అట్టలో ఒక వలయానికీ ఇంకో వలయానికీ మధ్య 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. దశాంశాల్లో లెక్కేసే స్కోరులో 0.1కి పావు మిల్లీమీటరు. ఇన్ని రాత్రులు ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ నేను సంపాదించింది ఆ పావు మిల్లీమీటరు కూడా కాదు! నా చెయ్యి ఊగేది సెంటీమీటర్లలో.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఒక ఆదివారం పొద్దున తూకంతో ఏరినవి, ఏరనివి ఐదేసి చొప్పున పదేసి అట్టలు కాల్చాను. ఏ అట్ట దేనిదో విడిగా రాసుకుని, అట్టలు మా చెల్లెలి కూతురికి ఇచ్చి, ఏవి ఏరినవో చూసి చెప్పమన్నాను. ఆ అమ్మాయి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతోంది, నాకంటే బాగా కాలుస్తుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి "మామా, నువ్వు కాఫీ తాగినాక కాల్చినవి ఏవో చెప్పమంటే చెప్తాను" అంది.

ఇక పెల్లెట్ తల కొలిచే గేజీ సంగతి. పెల్లెట్ తల కొలత 4.48 నుంచి 4.52 మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా వస్తుంది, పోటీల కోసం చేసే మ్యాచ్ డబ్బాల మీద ఆ అంకె రాసే ఉంటుంది. సరైన రంధ్రాలున్న పలక ఒకటి అమెరికాలో అమ్మేవాళ్లు. రంధ్రానికీ రంధ్రానికీ మిల్లీమీటరులో వందో వంతు తేడా. దాని ధర చూసి, మనమే చేయించుకుందామని ఆటోనగర్‌లో లేతు పనిచేసే కుర్రాడి దగ్గరికి ఇత్తడి రేకు తీసుకుపోయాను. పాపం, శ్రద్ధగానే చేశాడు. కానీ 4.5 బిట్టుతో తొలిస్తే రంధ్రం 4.5 రాదు, కాస్త పెద్దదే వస్తుంది. ఒక్కో రంధ్రం ఒక్కో రకంగా వచ్చింది. నా పెల్లెట్ల తలలన్నీ అన్నింట్లోనూ దూరిపోయాయి. మైక్రోమీటరుతో కొలుద్దామంటే సీసం మెత్తన, బిగించేకొద్దీ నలుగుతుంది. కొలవడమే పాడుచేయడం అవుతోంది. ఆ రేకు ఇప్పుడు మా ఆవిడ అగరుబత్తులు గుచ్చే స్టాండు. దానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

ఇన్నింటిలో నిజంగా పనిచేసింది ఒక గాజు ముక్క. అడుగు పొడవు, అరడుగు వెడల్పు. ఒక చివర కింద అగ్గిపెట్టె పెట్టి వాలుగా చేసి, పై అంచు దగ్గర పెల్లెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి వదలాలి. తల సన్నం, పావడా వెడల్పు కాబట్టి తిన్నగా దొర్లదు. కాగితం టీకప్పును నేల మీద దొర్లిస్తే చిన్న వైపుకు తిరుగుతుంది చూడండి, అట్లా వంపు తిరుగుతూ దిగుతుంది. మంచి పెల్లెట్లన్నీ ఒకే వంపులో పోయి ఒకేచోట ఆగుతాయి. పావడా సొట్ట పడినది తడబడుతుంది, మధ్యలో నిలబడిపోతుంది, లేదా పక్కకు పోతుంది. తల, పావడా కొలతలు తేడాగా ఉన్నది ఇంకో వంపు తిరుగుతుంది. కింద ఒక పాత తువ్వాలు పరిచి, మంచివి పడేచోట మూత పెట్టుకుంటే ఐదొందలు ఏరడానికి ముప్పావు గంట చాలు, ఫ్యాను వేసుకుని మరీ.

నా అనుభవంలో చవక డబ్బాలో అరవై దాకా తప్పు దారి పడతాయి. మ్యాచ్ డబ్బాలో ఐదో ఆరో. అలా పక్కన పెట్టినవాటిని ఒకసారి విడిగా కాల్చి చూశాను. మంచివి ఐదూ రూపాయి బిళ్ల లోపలే పడితే, ఇవి దాన్ని దాటిపోయాయి. ఈ తేడా చూడడానికి ఏ లెక్కా అక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలిసింది. చవక డబ్బా కొని అరవై పారేసి, ముప్పావు గంట కూర్చునే బదులు, పోటీకి వెళ్లే రోజుల్లో మ్యాచ్ డబ్బా కొనడమే లాభం. రోజువారీ సాధనకు చవకదే చాలు. త్రాసుకు పోసిన డబ్బుతో ఒకటో రెండో మంచి డబ్బాలు వచ్చేవి.

కడగడం మీద నాకు ఒకప్పుడు ఉన్న మోజు ఇప్పుడు లేదు. డబ్బాలో నల్లటి పొడి ఉంటుందని సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేసి కలిపేవాణ్ని. ఒకసారి చుక్క కాస్తా చెంచా అయింది. స్ప్రింగు రైఫిల్‌లో గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది. ఢామ్మని మోగి, గొట్టం నుంచి పొగ వచ్చింది. పక్కింటి మిద్దె మీద వడియాలు పెడుతున్న పెద్దావిడ "ఏమప్పా, దీపావళి ముందే వచ్చిందా?" అని కేకేసింది. సీలు పాడైందేమోనని నాకు వారం రోజులు టెన్షన్. ఆ తర్వాత నుంచి కడిగితే ఉత్త నీళ్లు, నూనె లేదు. చాలాసార్లు కడగను కూడా.

గొట్టం శుభ్రానికి చేపల గాలానికి వాడే నైలాను తాడు, దాని చివర నూలు గుడ్డ ముక్క. అంతే, ముప్పై రూపాయలు కూడా కాదు. గుండు పెట్టే వైపు నుంచి దూర్చి మూతి వైపు లాగాలి. ఇనప కడ్డీని మూతి వైపు నుంచి దూర్చకండి. అక్కడ అంచుకు చిన్న గీత పడినా గుండు దారి తప్పుతుంది, దాన్ని ఏ గాజు ముక్కా బాగుచేయదు. నేను ఐదొందలకు ఒకసారి లాగుతాను. ఈ తాడు ఎనిమిదేళ్లలో మూడుసార్లు మార్చాను.

ఏరిన పెల్లెట్లను పెట్టుకోవడానికి మందుల షాపులో దొరికే, వారాల పేర్లున్న మాత్రల పెట్టె వాడతాను. గడి అడుగున పలుచటి స్పాంజి. ఒక గడికి ముప్పై పడతాయి. అసలు డబ్బాలోనే వదిలేస్తే, బండి మీద స్టేడియం దాకా పోయేలోపు ఒకదానికొకటి కొట్టుకుని పావడాలు సొట్ట పడతాయి, ఏరిన శ్రమంతా బూడిదలో పోసినట్టే. డబ్బాలోనే తీసుకుపోవాలంటే పైన స్పాంజి బిళ్ల నొక్కి మూత పెట్టండి.

గుండ్లు ఆపే పెట్టె మామిడి చెక్కతో చేయించాను. లోపల వెనక వైపు ఏటవాలుగా ఇనప రేకు, దాని ముందు పాత బట్టలు కుక్కి ఉంటాయి. ఈ ఎనిమిదేళ్లలో దాదాపు అరవై డబ్బాలు కాల్చాను, అంటే ముప్పై వేల పెల్లెట్లు. సుమారు పదహారు కిలోల సీసం ఆ పెట్టెలోంచి తీశాను. కరిగించి మళ్లీ గుండ్లు పోసుకోవచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. తాత లోహం కరిగించిన మూస, దాన్ని పట్టుకునే శ్రావణం ఇంట్లోనే ఉన్నాయి, చేతనవును కూడా. కానీ సీసం పొగ ఇంట్లోకి రానివ్వను. డబ్బాల్లో మూటగట్టి పాత బ్యాటరీలు కొనే అతనికి ఇచ్చేస్తాను. పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో కాఫీ గ్లాసు కూడా పట్టుకోను, సబ్బుతో కడుక్కున్నాకే. ఏరే పని వంటింటి బల్ల మీద చేయను. ఇందులో మా ఆవిడ నాకంటే కఠినం, ఆ తువ్వాలును వేరే బకెట్టులో ఉతుకుతుంది.

పోయిన దీపావళికి ఇల్లు సర్దుతుంటే గాజు ముక్క చెయ్యి జారి పగిలింది. గోవిందరాజస్వామి గుడి దగ్గర స్వామివారి పటాలకు ఫ్రేములు కట్టే షాపుకు పోయి అదే కొలత చెప్పాను. అంచులు అరగదీసి అరవై రూపాయలు తీసుకున్నాడు. కాగితంలో చుడుతూ "ఏ పటానికి సార్?" అన్నాడు. పటానికి కాదని చెప్పాను. ఒక క్షణం నన్ను చూసి, ఇంకో పొర కాగితం చుట్టి ఇచ్చాడు.