నాలుగున్నరేళ్లు, 14 వేల కిలోమీటర్లు: కోరాపుట్ కొండల్లో నా హార్డ్‌టెయిల్ సైకిల్ సంగతి

కొన్న వారానికే రాసే సమీక్షల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కొత్తలో ఎవరి సైకిలైనా బాగానే ఉంటుంది. నాది 2021 జూలైలో విశాఖలో కొన్నాను. కరోనా దెబ్బకి షాపుల్లో సరుకు లేదు, నా ఎత్తుకు సరిపోయే ఫ్రేము ఒక్కటే దొరికితే 52 వేలు పెట్టి బస్సు మీద వేసుకుని తెచ్చుకున్నాను. ఇప్పటికి 14 వేల కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు రాయను. ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఆ మోడలు ఇప్పుడు రావడం లేదు, పేరు తెలిసినా మీకు ఉపయోగం ఉండదు.

మాది సెమిలిగుడ. అరకు దారిలో రైలాగే శిమిలిగుడ కాదు, ఇది ఒడిశాలో కోరాపుట్ జిల్లాది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, అందుకే ఇక్కడి బజారులో తెలుగు బేరాలు ఇప్పటికీ వినపడుతూనే ఉంటాయి. మందుల షాపు నడుపుతాను, ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తమ్ముడిది, సైకిలు నాది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండ, 1672 మీటర్లు, మాకు పెరటి కొండ లాంటిది. ఇక్కడ చదును రోడ్డు అనేది ఉండదు, ఎక్కుతుంటాం, లేదా దిగుతుంటాం. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన. మన్ను ఎర్రది, తడిసిందంటే టైరుకి అట్టులా అంటుకుంటుంది, ఎండిందంటే పొడిలా లేచి చెయిన్లో దూరుతుంది. ఈ ఎర్రమన్ను సంగతి మర్చిపోయి రాస్తే ఈ సమీక్ష బెంగుళూరు వాడు రాసినట్టే ఉంటుంది.

సైకిలు వివరం: అల్యూమినియం ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే 100 మి.మీ. ఎయిర్ ఫోర్కు, వెనక సస్పెన్షన్ లేదు (హార్డ్‌టెయిల్ అంటే అదే), ముందు ఒకటే పళ్ల చక్రం, వెనక పది, హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు. ఫ్రేము మీద చెప్పడానికేమీ లేదు, విరగలేదు, పగలలేదు, అంతే. చెప్పాల్సింది బ్రేకుల గురించి.

మొదటి వానాకాలం నాకు తెలిసింది ఏమిటంటే, కంపెనీ వేసి పంపిన రెజిన్ ప్యాడ్లు, అంటే డిస్కుని నొక్కి పట్టే మెత్తరకం బిళ్లలు, ఎర్ర బురదలో బెల్లం ముక్కల్లా కరిగిపోతాయి. వెనక జత 400 కిలోమీటర్లకే అయిపోయింది. నేను చూసుకోలేదు. గరగరమని శబ్దం వస్తుంటే మన్ను అనుకున్నాను, తీరా చూస్తే ప్యాడు అరిగి వెనకున్న ఇనప రేకు డిస్కుని గీకేస్తోంది. డిస్కు కూడా మార్చాల్సి వచ్చింది. ప్యాడు మందం అర మిల్లీమీటరుకి వచ్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే, వానాకాలంలో ప్రతి రెండు రైడ్లకీ టార్చి వేసి చూడండి. తర్వాత మెటల్ ప్యాడ్లకి మారాను, అవి నాకు 1,500 దాటి వచ్చాయి. తడిస్తే కీచుమంటాయి, మొదటి రెండు నొక్కులకి సరిగా పట్టవు, అయినా వానాకాలానికి అవే. కానీ కొనేముందు డిస్కు మీద ఏం రాసుందో చూడండి. చవక డిస్కుల మీద సన్నటి అక్షరాల్లో 'రెజిన్ ప్యాడ్ ఓన్లీ' అని ఉంటుంది, వాటి మీద మెటల్ ప్యాడ్లు వేస్తే డిస్కే అరిగిపోతుంది.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. 2022 దసరా ముందు బ్రేకు లివర్లు మెత్తబడ్డాయి, నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తున్నాయి. ఇక్కడ హైడ్రాలిక్ సైకిలు బ్రేకు తెలిసినవాళ్లు లేరు, మోటారుసైకిళ్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. "ఏటుంది బాబూ ఇందులో, బ్రేకాయిలే కదా, మన బండికి పోసిందే దీనికీ పోసేద్దాం" అన్నాడు. సరే బాబాయ్ అన్నాను. లివరు మూత మీద మినరల్ ఆయిల్ మాత్రమే అని రాసి ఉంది. రోజంతా మందు సీసాల మీద లేబుళ్లు చదివి జనానికి జాగ్రత్తలు చెప్పే మనిషిని, అదొక్కటీ చదవలేదు. మోటారుసైకిళ్లకి పోసేది డాట్ ఆయిలు, అది గ్లైకాల్ జాతిది. మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు అందులో నానితే ఉబ్బుతాయి. రెండు వారాలు బాగానే నడిచింది, అదే మోసం. మూడో వారం పొట్టంగి దాటి సుంకి ఘాటీ దిగుతుంటే ముందు లివరు నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది, చక్రం పట్టేసింది. అదృష్టం, మలుపు దగ్గర అప్పటికే నెమ్మదించాను, మోచెయ్యి గీరుకుని ఊరుకుంది. లివర్లు, చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే కాలిపర్లు, గొట్టాలు అన్నీ మార్చాను, కడిగితే బాగుపడే వ్యవహారం కాదది. తప్పు ఆయనది కాదు, ఆయనకి తెలిసింది ఆయన చేశాడు.

కాబట్టి ముందు మీ బ్రేకు ఏ జాతిదో తెలుసుకోండి. షిమనో, మగూరా, టెక్ట్రో వాటికి మినరల్ ఆయిల్, శ్రామ్ వాటిలో చాలావాటికి డాట్ ఆయిల్. ఒకదానిలో రెండోది ఒక్క చుక్క కూడా వద్దు.

ఆ తర్వాత బ్రేకు బ్లీడింగ్, అంటే నూనెలో చేరిన గాలిని తీసేసే పని, నేనే నేర్చుకున్నాను, సిరంజిలకి నా షాపులో కొదవా? 50 మి.లీ. సిరంజి, దానికి సరిపడే సన్న ట్యూబు, నా కాలిపర్‌కి 7 మి.మీ. స్పానరు, లివరు పైన బిగించే గరాటు, ఇంతే సరంజామా. చక్రమూ ప్యాడ్లూ తీసేసి పిస్టన్ల మధ్య ప్లాస్టిక్ దిమ్మ పెట్టి, కింది నుంచి నూనె ఎక్కిస్తే గాలి బుడగలు పైన గరాటులోకి వస్తాయి, లివరుని చిన్నగా టకటకా నొక్కుతూ ఉంటే మొండి బుడగలు కూడా కదులుతాయి. అయ్యాక కూడా మెత్తగా అనిపిస్తే లివరుని రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టి రాత్రంతా వదిలేస్తాను, పొద్దున్నకి గట్టిపడుతుంది. నూనె అంటిన చేత్తో ప్యాడు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆ ప్యాడు పారేయడమే మేలు. డిస్కు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. నా షాపుకొచ్చి సర్జికల్ స్పిరిట్ చాలదా అని అడిగేవాళ్లు ఉన్నారు, కొన్నిటిలో ఆముదం లాంటి నూనె కలుపుతారు, అది డిస్కు మీద ఉండిపోతుంది. అమ్ముకునేవాణ్ణి నేనే వద్దంటున్నాను.

ఘాటీ దిగేటప్పుడు బ్రేకులు పొడుగునా నొక్కి పట్టుకుని దిగేవాళ్లని చూస్తే నాకు భయం. డిస్కు కాలిపోయి నీలం తిరుగుతుంది, పట్టు తగ్గిపోతుంది. మలుపుకి ముందు గట్టిగా రెండు నొక్కులు నొక్కి వదిలేయాలి, ముందుదీ వెనకదీ మార్చి మార్చి వాడాలి, అప్పుడు డిస్కుకి గాలి తగులుతుంది. వేడెక్కిన డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర తిరుగుతుంది.

ట్యూబ్‌లెస్ చేయించింది మాత్రం ఈ సైకిలు మీద నేను పెట్టిన డబ్బుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది. అంతకుముందు తుమ్మముళ్లు, రేగుముళ్లు, కంచెల దగ్గర చీలిన వెదురు పేళ్లు, నెలకి మూడు పంచర్లు ఖాయం. ఇప్పుడు ముల్లు పీకితే పాలలా సీలెంట్ చిమ్మి, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి మూసుకుపోతుంది. ఒక్కో టైరుకి 100 నుంచి 120 మి.లీ. పోస్తాను. ఎండాకాలం ఆ సీలెంట్ లోపలే గడ్డకడుతుంది, కంపెనీ వాళ్లు ఎన్ని నెలలని రాసినా నేను రెండున్నర నెలలకోసారి 60 మి.లీ. కలుపుతాను. టైరుని మొదటిసారి రిమ్ములో కూర్చోబెట్టడానికి చేతి పంపు చాలదు, ఒక్కసారిగా గాలి కొట్టాలి. పెట్రోలు బంకులో కంప్రెసరు ఉంది కదా అని వెళ్తే, మన ప్రెస్టా వాల్వుకి, అంటే సైకిళ్లకుండే సన్న వాల్వుకి, వాళ్ల గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది, జేబులో ఒకటి, సీటు సంచిలో ఒకటి వేసుకోండి. ఠప్, ఠప్ అని టైరు కూర్చున్నప్పుడు బంకు కుర్రాడు ఆమడ దూరం గెంతాడు, టైరు పేలిందనుకుని.

నా బరువు 72 కిలోలు. మట్టి దారికి ముందు 22, వెనక 25 పీఎస్ఐ పెడతాను. మావాళ్లు చాలామంది రాయిలా 45 కొట్టించుకుని, ఎక్కుడులో వెనక చక్రం జారుతోందని టైరుని తిడతారు. గాలి తగ్గించి చూడండి, అదే టైరు బల్లిలా పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి రిమ్ము సొట్టపోతుంది, అదీ చేశాను.

గేర్లు. కొన్నప్పుడు ముందు 32 పళ్లు, వెనక పెద్దది 46. పెడలు ఒక చుట్టు తిప్పితే బండి 1.6 మీటర్లు పోతుంది. దేవమాలి చివరి ఎక్కుళ్లలో మోకాళ్లు మొత్తుకునేవి. ముందుది 30 పళ్లకి మార్చాను, 1.5 మీటర్లకి వచ్చింది. చెప్తే పది సెంటీమీటర్లేనా అంటారు, గంటసేపు ఎక్కి చూశాక మాట్లాడండి. ఎక్కడం రాదని దిగి తోసుకెళ్లేవాడికి కాళ్లలో సత్తువ లేక కాదు, ముందు పళ్ల చక్రం పెద్దదై ఉంటుంది.

చెయిన్లు ఇప్పటికి ఆరు. పదిహేను వందల రూపాయల చెయిను చూసి దిగులుపడి, మొదటిదాన్ని 4 వేలు నడిపాను, అది పోతూ పోతూ వెనక పళ్ల చక్రాల దొంతరని, అంటే క్యాసెట్‌ని, కూడా తినేసింది. అప్పటినుంచి చెయిను కొలిచే గేజీ ఒకటి కొని 0.5 శాతం సాగగానే తీసేస్తున్నాను, సుమారు 2 వేలకోసారి. రెండో క్యాసెట్ ఇంకా నడుస్తోంది. చెయినుకి వానాకాలం తడికి ఆగే నూనె (వెట్ ల్యూబు), ఎండాకాలం వ్యాక్స్. ఇంజను ఆయిలు, కొబ్బరినూనె పోసేవాళ్లకి ఒక్క మాట, ఎర్రమన్ను నూనెలో కలిస్తే అది సానరాయి ముద్ద. కడిగేటప్పుడు కారు కడిగే ప్రెషర్ గన్ను దగ్గరికి రానివ్వకండి, బేరింగుల్లోకి నీళ్లు తోస్తుంది. పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు, బాటమ్ బ్రాకెట్ అంటారు, నాది మొదటిది అలాగే పోయింది. అది మర బిగించే రకం కాబట్టి ఇంట్లోనే మార్చుకోగలిగాను, గుద్ది ఎక్కించే రకమైతే విశాఖ ప్రయాణమే.

ఇక తిట్లు. సాలూరు నుంచి వస్తూ బస్సు మీద సైకిలుని కుడివైపుకి పడుకోబెట్టాను, వెనక గేరు వేలాడే హ్యాంగర్ వంగిపోయింది. అది కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, ఫ్రేము బదులు అది వంగాలని. వంగింది, మంచిదే. కొత్తది కావాలంటే ఆ మోడలు ఆపేశాం సార్, స్టాకు లేదు అన్నారు కంపెనీ వాళ్లు, కొని అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు! 52 వేల సైకిలు అరచేతిలో ఇమిడే ముక్క కోసం నెలన్నర మూల పడి ఉంది. చివరికి సునాబెడలో ఒక లేతు పనివాడు పాతది చూసి అచ్చం అలాంటిదే చెక్కి ఇచ్చాడు. మర మాత్రం 10 మి.మీ.కి 1 మి.మీ. పిచ్, బజారులో మామూలు నట్ల మర కాదు, మొదటి ముక్క అలాగే పాడైంది. కొత్త సైకిలు కొంటున్నారా, అదే రోజు రెండు హ్యాంగర్లు అదే షాపులో కొనండి, హెల్మెట్ తర్వాత కొన్నా పర్వాలేదని అనబోయాను, అది కూడా ఆరోజే కొనండి.

ఫోర్కు పర్వాలేదు. ఏభై గంటలకోసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటారు, నేను ఏడాదికి రెండుసార్లు చేస్తాను, దుమ్ము సీళ్లు ఒకసారి మార్చాను.

ఇదే సైకిలు మీద విశాఖ వైపు ఒక 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడు, కూడా చేశాను, పదమూడున్నర గంటల గడువుకి నలభై నిమిషాల ముందు వచ్చాను. బుడిపెల టైర్లు తీసి నున్నటివి వేసుకున్నా రోడ్డు సైకిళ్ల వాళ్లు ఈగల్లా దాటిపోయారు. కాళ్లు మాత్రం ఇబ్బంది పెట్టలేదు. 120 దగ్గర రెండు చేతుల చిటికెన వేళ్లూ తిమ్మిరెక్కాయి, అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడితే అలాగే అవుతుంది. ఇంటికొచ్చాక వెడల్పు గ్రిప్పులు వేసి హ్యాండిల్ కొంచెం పైకెత్తాను, మళ్లీ రాలేదు. తొడల రాపిడికి ఖరీదైన క్రీములు అక్కర్లేదు, మామూలు పెట్రోలియం జెల్లీ చాలు.

తిండి విషయంలో నా వృత్తి మాట ఒకటి. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా, శక్తి వస్తుందిలే అనుకోవద్దు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, అది నీళ్లూ ఉప్పూ ఒంటికి పట్టించడానికి. పొడుగు రైడులో గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం కావాలి, అంటే రెండు అరటిపళ్లూ ఒక పల్లీ చిక్కీ, ఆకలి వేయకముందే. బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి, ఇక్కడివాళ్లు మండియా పేజ్ అంటారు, దాన్ని మించింది నాకు దొరకలేదు. ఒకసారి తెలివి మీరి దాన్ని సీసాలో పోసుకుని బయల్దేరాను, ఎండకి పులిసి, మూత తియ్యగానే మొహం మీదకి చిమ్మింది.

మళ్లీ కొనాల్సివస్తే ఇలాంటిదే కొంటాను, ఇంతే ఖరీదులో, కానీ హ్యాంగర్ ఎక్కడైనా దొరికే ఫ్రేము చూసుకుని. మిగిలిన డబ్బు ఫోర్కు మీద కాదు, టైర్లూ ప్యాడ్లూ చెయిన్ల మీద. ఇప్పుడు వెనక చక్రం నడిమి హబ్బులో సన్నటి గరగర వినపడుతోంది, బేరింగు నంబరు చూసి విశాఖ నుంచి తెప్పిస్తున్నాను. బస్సు పార్శిలు గురువారం వస్తుందన్నారు. ఆదివారానికి బిగించగలిగితే దేవమాలి, లేకపోతే షాపు.