ఐర్లండ్ ఎంత ధనిక దేశం: రెండు కొలతలు

తలసరి జీడీపీ (దేశంలో ఏడాదిలో జరిగే ఉత్పత్తి విలువలో ఒక్కో మనిషి వాటా) చూస్తే ఐర్లండ్ ప్రపంచంలోనే టాప్ దేశాల్లో ఒకటి. కానీ 2015లో ఆ దేశ జీడీపీ ఏకంగా 26 శాతం పెరిగిందని లెక్క వచ్చినప్పుడు ఆర్థికవేత్తలే నవ్వుకున్నారు. జనం సంపాదన అంత పెరగలేదు. బహుళజాతి కంపెనీలు పేటెంట్ల లాంటి తమ మేధో సంపత్తి హక్కులను కాగితాల మీద అక్కడికి మార్చుకున్నాయి, వాటి రాబడి ఐర్లండ్ లెక్కలో చేరింది, అంతే!

అందుకే ఆ దేశ గణాంక కార్యాలయం 2017 నుంచి 'సవరించిన జాతీయ ఆదాయం' లెక్క ఇస్తోంది. విదేశాలకు పోయే లాభాలు, అక్కడి కంపెనీలు అద్దెకిచ్చే విమానాల తరుగుదల (వాడకంతో తగ్గే విలువ) లాంటివి ఇందులో తీసేస్తారు. ఇటీవలి ఏళ్లలో ఇది జీడీపీలో సగానికి కాస్త పైన మాత్రమే ఉంటోంది.

ఐరిష్ కుటుంబాల స్థితి తెలియాలంటే నేను రెండోదే చూస్తాను. కాకపోతే ఈ లెక్క మిగతా దేశాలు వేయవు కాబట్టి, ర్యాంకులకు జీడీపీతోనే సరిపెట్టుకోవాలి.