పాంప్లెట్టా, రీలా?

ఆషాఢం సేల్ దగ్గరపడితే చీరల కొట్టువాళ్లకి ఇదే తర్జనభర్జన. పొద్దున్నే పేపర్లో పెట్టి పంచే పాంప్లెట్ యాభై దాటినవాళ్లకి. దాన్ని మడిచి ఫ్రిజ్ మీద పెట్టుకుంటారు, కొట్టుకొచ్చి జరీని గోటితో గీకి చూస్తారు, ఆ తర్వాతే బేరం. 2020లో టిక్‌టాక్‌ని నిషేధించాక ఇన్‌స్టాగ్రామ్‌ తెచ్చిన రీల్స్ వాళ్ల కూతుళ్లకి. అర నిమిషంలో కొంగు, అంచు, బ్లౌజ్ పీస్ అన్నీ కనబడాలి. ధర చెప్పకుండా "మెసేజ్ చేయండి" అన్నామో, వేలితో తోసేస్తారు.

అయితే వయసు చూసి గీత గీస్తే దెబ్బే. 2016లో జియో వచ్చాక అమ్మల చేతుల్లోనూ నెట్టే. లైవ్‌లో చీర నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేది అమ్మ, ఫోన్‌పే కొట్టేది కూతురు! అందుకే నా ఓటు రీల్‌కి. పెళ్లిపట్టుకి మాత్రం పాంప్లెట్ మానను. అది పెద్దావిడ చేత్తో తడిమి చూస్తేగానీ బిల్లు కాదు.