పోలీసు డ్రైవర్ల చేతిలో మా కారు: విజయవాడ నుంచి గుంటూరుకు ఒక రోజు

సొంత కారు ఉండి దూరం నడపలేని వారికి రోజు లెక్కన డ్రైవర్‌ను పంపే చిన్న సంస్థ ఒకటి విజయవాడలో ఉంది. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువ మంది పోలీసు శాఖ మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగంలో చేరి, ఉన్నతాధికారుల బండ్లు నడిపి రిటైరైనవారు. అమ్మకు గుంటూరులో కంటి పరీక్ష ఉండడంతో గత నెలలో వారిలో ఒకరిని పిలిపించుకున్నాను.

ఏడింటికి రమ్మంటే ఆయన ఆరూ నలభైకే వచ్చి, తాళాలు అడిగి తీసుకుని, బానెట్ ఎత్తి ఇంజన్ ఆయిలు, కూలెంటు చూశారు. స్టెపినీలో గాలి లేదన్న సంగతి మూడేళ్లుగా ఆ కారు వాడుతున్న నాకు ఆయన చెబితే తెలిసింది. బయలుదేరే ముందు మీటరు రీడింగును చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ప్రభుత్వ వాహనం చేసిన ప్రతి ప్రయాణాన్నీ లాగ్‌బుక్‌లో ఎక్కించి, వాడుకున్న అధికారి చేత సంతకం చేయించాలి కనుక, ఆ అలవాటుతోనే కాబోలు, సాయంత్రం నా చేతా సంతకం పెట్టించారు. నా సంతకానికి అంత మర్యాద దక్కడం అదే మొదలు.

వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి మీదుగా కాజ టోల్‌ప్లాజా చేరేదాకా వేగం ఎనభై దాటలేదు. ముందు బండికీ మాకూ మధ్య వదిలిన ఖాళీలోకి ఆటోలు దూరుతుంటే, ఆయన విసుక్కోకుండా వేగం తగ్గించి మళ్లీ అంత ఖాళీ వదిలేవారు. అమ్మ బెల్టు పెట్టుకునేదాకా బండి కదల్చలేదు. వెనక సీటులో కూర్చున్నవారికీ బెల్టు తప్పనిసరని నిబంధనల్లో ఉన్నా, 2019 చట్ట సవరణతో జరిమానా వెయ్యి రూపాయలైనా, దాన్ని పట్టించుకున్న డ్రైవర్‌ను నేను మన ఊళ్లో చూడలేదు. పెద్దసార్లు కూడా పెట్టుకునేవారా అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

హైవే మీద అంత ఓర్పు చూపిన మనిషి తిరుగు ప్రయాణంలో బెంజ్ సర్కిల్ దగ్గరకు రాగానే హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. 2017 మే 1తో అధికారుల బండ్ల మీద ఎర్ర బుగ్గ దీపాలు పోయాయి గానీ, దారి ఇవ్వవలసింది ఎదుటివాడేనన్న నమ్మకం ఆయనలో ఇంకా మిగిలే ఉంది. దానికంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఆయన అతివినయం. ఆసుపత్రి బయట మూడు గంటలు కారు పక్కనే నిలబడ్డారు. "బాబూ, నువ్వూ వచ్చి రెండు ముద్దలు తిను" అని అమ్మ రెండుసార్లు పిలిచినా, "డ్యూటీలో బండి వదలకూడదండీ అమ్మగారూ" అంటూ రాలేదు. సమావేశం ఎప్పుడు ముగుస్తుందో, సార్ ఎప్పుడు పిలుస్తారో తెలియక ఆకలి చంపుకుని కాచుకున్న ఏళ్లే ఆయనకు అది నేర్పి ఉంటాయి. మన దగ్గర ఆ అవసరం లేదని చెప్పి పంపవలసిన బాధ్యత సంస్థదే.

ఛార్జీ మామూలు డ్రైవర్లకంటే దాదాపు సగం ఎక్కువ. ఎనిమిది గంటలు దాటితే అదనమన్న మాట ముందుగా చెప్పకుండా బిల్లులో చూపడం నాకు నచ్చలేదు. అయినా వచ్చే నెల ఆపరేషన్‌కు ఆయననే పంపమని చెప్పాను. ఆ రోజు ఆయనకు కూడా క్యారేజీ కట్టాలని అమ్మ ఇప్పటికే చెప్పేసింది.