వరండాలో కూర్చుని చూసిన లెక్కల క్లబ్బు

మా మనవరాలు తొమ్మిదో తరగతి. జూన్ నుంచి ప్రతి ఆదివారం నాలుగింటికి దాన్ని బ్రాడీపేటలో ఒక లెక్కల క్లబ్బు దగ్గర స్కూటీ మీద దింపేదీ నేనే, ఆరున్నరకి ఎక్కించుకొచ్చేదీ నేనే. మధ్యలో పాత గుంటూరు వెళ్లి రావడం పెట్రోలు దండగని అక్కడే వరండాలో కూర్చుంటాను. కిటికీ తీసే ఉంటుంది, పాఠం నాకూ వినపడుతుంది. పిల్లల్ని చేర్పిద్దామా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

ముందు డబ్బు సంగతి. నెలకి 800. పుస్తకాలనీ, మెటీరియల్ అనీ మళ్లీ మళ్లీ గుంజరు. జిరాక్సు కాగితాలు వాళ్లే ఇస్తారు. కాకపోతే ఆ జిరాక్సు ఎంత పలచనంటే, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియక మా పిల్ల ఒక లెక్కతో రెండు రోజులు కుస్తీ పట్టింది. పద్నాలుగు మంది పిల్లలు, ఒక సారు, ఒక బోర్డు, రెండు ఫ్యాన్లు. తిరిగేది ఒకటే.

నేను ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేశాను. టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు రాకముందు, తెనాలి బస్సులో కాలు పెట్టే చోటు లేనప్పుడు కూడా నోటి లెక్కతోనే టికెట్లు కొట్టినవాణ్ణి. లెక్కల్లో నాకొకరు చెప్పేదేముందని కొంచెం గర్వం ఉండేది. అది రెండో ఆదివారమే దిగిపోయింది.

ఆ రోజు సారు ఇచ్చిన లెక్క ఇది. మీ దగ్గర 5 రూపాయల బిళ్లలు, 7 రూపాయల బిళ్లలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, ఇంకేవీ లేవు. చిల్లర వెనక్కి తీసుకోకూడదు. మీరు ఇవ్వలేని మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది ఏది? 7 రూపాయల బిళ్ల ఏ బ్యాంకులో ఇస్తారో అని నవ్వుకున్నాను. కానీ చిల్లర మాట చెవిన పడ్డాక, టికెట్ల వెనక బాకీలు రాసిచ్చిన చెయ్యి ఊరుకుంటుందా? పేపరు అంచు మీద వేసుకుంటూ పోయాను. 17 వస్తుంది, 18 రాదు. 22 వస్తుంది, 23 రాదు. అక్కణ్ణుంచి అన్నీ వస్తున్నాయి. 40 దాకా చూసి, జవాబు 23 అని తేల్చేశాను.

లోపల ఒక అబ్బాయి కూడా 23 అన్నాడు. సారు కరెక్టూ అనలేదు, తప్పూ అనలేదు. "ముందెక్కడో ఇంకొకటి రాకుండా పోదని నీకెవరు చెప్పార్రా?" అన్నారు. ఆ మాట కిటికీలోంచి వచ్చి నాకే తగిలింది. తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. సారు చేతులు కట్టుకుని నిలబడ్డారంతే, క్లూ కూడా ఇవ్వలేదు. ఆఖరికి మా పిల్ల లేచింది. "24, 25, 26, 27, 28, వరసగా ఐదూ వస్తున్నాయి కదా సార్. ఒక్కోదానికి ఇంకో 5 బిళ్ల కలిపితే ఆ తర్వాతి ఐదూ వచ్చేస్తాయి. మళ్లీ కలిపితే ఆ పై ఐదు. ఇంక రానిది ఎక్కడుంటుంది?"

నేను 800 కడుతున్నది ఆ ఐదు నిమిషాలకే. దాని స్కూల్లో అయితే ఆ టైములో మూడు లెక్కలు బోర్డు మీద దింపి, రాసుకోమంటారు.

ఇంకో సంగతి. మా షోకేసులో దానివి మూడు ఒలింపియాడ్ మెడల్స్ ఉన్నాయి, స్కూల్లో డబ్బు కట్టి రాసిన పరీక్షలవి. ఇక విమానం ఎక్కడమే తరువాయి అనుకున్నాను. సారు నవ్వకుండా, నన్ను నొప్పించకుండా చెప్పారు: "అవి వేరు బాబాయ్ గారూ. దేశం తరఫున అంతర్జాతీయ లెక్కల ఒలింపియాడ్‌కి పంపేదానికి ఐఓక్యూఎం అనే తొలి పరీక్షతో మొదలు. అది దాటితే ప్రాంతీయ స్థాయి ఆర్ఎంఓ, ఆపైన దేశస్థాయి ఐఎన్ఎంఓ, తర్వాత ముంబై హోమీ భాభా సెంటర్ వాళ్ల క్యాంపు. చివరికి మిగిలేది ఆరుగురు." మనవాళ్లు 1989 నుంచి వెళ్తున్నారట, 1996లో ఆ పోటీ ముంబైలోనే జరిగిందట.

సెప్టెంబరులో మా పిల్లా ఐఓక్యూఎం రాసింది. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. ఆప్షన్లు ఉండవు, జవాబు రెండంకెల్లో బబుల్ చెయ్యాలి. 7 వస్తే 07 అని దిద్దాలి. క్లబ్బులో పెట్టిన మాక్ టెస్టులో ఆ సున్నా మర్చిపోయి రెండు లెక్కలు పోగొట్టుకుంది, అసలు పరీక్షలో మర్చిపోలేదు. సెలెక్ట్ కాలేదు. దానికి ఏడుపు రాలేదు, నాకే కొంచెం మనసు చివుక్కుమంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. క్లాసు లేదని వాట్సాప్‌లో మూడూ నలభైకి పెడతారు. అప్పటికి నేను ఎండలో సగం దారిలో ఉంటాను, స్కూటీ నడుపుతూ ఫోను చూస్తానా? రెండుసార్లు తాళం చూసి వెనక్కొచ్చాం. చెప్తే "సారీ బాబాయ్ గారూ" అన్నారు, మళ్లీ అదే. ఆరో తరగతి పిల్లల్నీ పెద్దవాళ్లతో కలిపి కూర్చోబెడతారు, పాపం వాళ్లు రెండో గంట నుంచి ఆవలింతలే. పైగా సారుకి అంకెలంటే ప్రాణం గానీ జామెట్రీ మీద అంత ప్రేమ లేదు, బొమ్మ గీసి గబగబా తుడిచేస్తారు. స్కూలు మార్కులు పెరగాలని చేర్పించేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు, ట్యూషన్ చూసుకోండి.

మొన్న ఆదివారం స్కూటీ ఎక్కుతూనే మా పిల్ల, "తాతయ్యా, 6 రూపాయలూ 9 రూపాయల బిళ్లలైతే?" అంది. రాత్రి భోజనాలయ్యాక 100 దాకా వేశాను. రానివి ఆగడమే లేదు. ఎందుకు ఆగడం లేదో మా పిల్లని మాత్రం అడగను, ఆదివారం ఇంకా నాలుగు రోజులుంది.