తెల్ల తెర, నల్ల తెర, కాగితం: ఒక ప్రూఫ్ రీడర్ సమీక్ష

2019 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 ఒకే నెలలో విడుదలై, ఫోను మొత్తానికి వర్తించే డార్క్ మోడ్‌ను, అంటే నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు చూపే పద్ధతిని, అందరి చేతికీ అందించాయి. అప్పటి నుంచి నేను దానిని వాడుతూనే ఉన్నాను. అలాగని తెల్లని నేపథ్యాన్ని గానీ, కాగితాన్ని గానీ వదిలిపెట్టలేదు. తెలుగు ప్రూఫులు దిద్దడం నా వృత్తి కావడం వల్ల రోజులో ఎక్కువ భాగం అక్షరాలను ఒక్కొక్కటిగా చూడడంలోనే గడుస్తుంది. ఓఎల్ఈడీ తెర గల ఫోను, ఎల్‌సీడీ తెర గల ల్యాప్‌టాప్, కాగితంలా కనిపించే తెర గల ఒక ఈ-ఇంక్ రీడర్, ప్రెస్సు నుంచి వచ్చే కాగితపు ప్రూఫులు నా పనిముట్లు. నాకు చత్వారం వచ్చింది, కళ్ళద్దాలలో కొద్దిగా సిలిండర్ పవర్ (కంటి వంపులోని తేడాను సరిదిద్దేది) కూడా ఉంది. తెరల గురించి తీర్పు చెప్పేవారు తమ కళ్ళ సంగతి కూడా చెప్పడం అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ వ్యవహారంలో సగం తెరలో ఉంటే సగం కంటిలో ఉంది.

తీర్పు ముందే చెబుతాను. తెలుగును ఎక్కువసేపు, శ్రద్ధగా చదవవలసినప్పుడు లేతరంగు నేపథ్యం మీద నల్లని అక్షరమే మేలు. చీకటి గదిలో కాసేపు చూసి పక్కన పెట్టే చదువుకు డార్క్ మోడ్ హాయిగా ఉంటుంది. అయితే చాలామంది డార్క్ మోడ్‌కు ఆపాదించే సుఖం నిజానికి వెలుతురు తగ్గడం వల్ల వచ్చినదే తప్ప రంగులు తారుమారు కావడం వల్ల వచ్చినది కాదు.

దీనికి కంటి నిర్మాణంలోనే కారణం ఉంది. తెర తెల్లగా ఉన్నప్పుడు కంట్లోకి ఎక్కువ వెలుగు చేరి కంటిపాప చిన్నదవుతుంది. కంటిపాప చిన్నదైతే కటకం అంచుల లోపాల ప్రభావం తగ్గి, ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది. నేపథ్యం నల్లబడితే కంటిపాప విప్పారుతుంది, ఆ లోపాలు బయటపడతాయి. చత్వారం వచ్చినవారికి ఈ తేడా ఇంకా తెలుస్తుంది, ఎందుకంటే దగ్గరి వస్తువుకు ఫోకస్ సర్దుకునే శక్తి వారికి అప్పటికే తగ్గి ఉంటుంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, యువకులైనా పెద్దవారైనా తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలతోనే చూపు స్పష్టతలోనూ, ప్రూఫులు దిద్దడంలోనూ మెరుగ్గా ఉన్నట్లు తేలింది. పరీక్షకు వారు ఎంచుకున్న పని సరిగ్గా నా పనే కావడం నాకు సంతోషం కలిగించిన మాట వాస్తవమే గాని, నా తీర్పు దానిని చదవడానికి ముందే ఏర్పడింది.

ఇక ఇంగ్లీషు సమీక్షలలో కనిపించని విషయానికి వస్తాను. డార్క్ మోడ్ గురించి రాసేవారిలో చాలామంది రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. తెలుగు అక్షరం గుండ్రనిది, లోపల ఖాళీ గలది, పైన తలకట్టో గుడో, కింద వొత్తో మోసేది. నల్లని నేపథ్యం మీద తెల్లని గీత ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. సిలిండర్ పవర్ ఉన్న కంటికి ఆ గీత చుట్టూ మసక వెలుగు కూడా కమ్ముకుంటుంది. రోమన్ లిపిలో ఆ లావు వల్ల పెద్ద నష్టం లేదు. తెలుగులో మాత్రం అది నేరుగా అక్షర భేదాల మీద పడుతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక మాత్రమే. ‘థ’ కడుపులో ఉండే చుక్క చుట్టూ ఉన్న ఖాళీ మూసుకుపోతే అది ‘ధ’లా కనిపిస్తుంది, ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అవుతుంది. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాటలలో కింద రెండు అంతస్తులుగా ఉండే వొత్తులు చిన్న సైజులో ఒక తెల్లని ముద్దగా మారతాయి. నా ల్యాప్‌టాప్ మీద డార్క్ మోడ్‌లో దిద్దిన పేజీలను తరువాత కాగితం మీద చూసినప్పుడు దొరికే తప్పులలో ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే: హ్రస్వ దీర్ఘాలు, చుక్కలు, వొత్తులు. మాట మొత్తం జారిపోయిన తప్పులు ఏ నేపథ్యం మీదైనా ఒకేలా దొరికాయి.

ఫాంటు ఎంపిక కొంతవరకు దీనిని సరిదిద్దుతుంది. వివిధ మందాలలో దొరికే నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును డార్క్ మోడ్‌లో ఒక మెట్టు సన్నగా పెట్టుకుంటే అక్షరాల కడుపులు తెరుచుకుంటాయి. అదే ఫాంటును అదే మందంతో తెల్లని పేజీ మీద పెడితే వెలవెలబోతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి పరిచయమున్న గౌతమి ఫాంటు గీతలు మొదటి నుంచీ సన్ననివి. తెల్లని పేజీ మీద నీరసంగా ఉండే ఆ ఫాంటు నల్లని పేజీ మీద కాస్త కండ పట్టినట్లు కనిపించడం ఒక విచిత్రం. శీర్షికలకు పనికివచ్చే రామభద్ర వంటి లావు ఫాంటులు మాత్రం నల్లని నేపథ్యం మీద చిన్న సైజులో చదవడానికి పనికిరావు. వరుసల మధ్య ఎడం కూడా పెంచుకోవాలి. పై వరుస వొత్తులూ కింది వరుస గుడులూ దగ్గరైతే డార్క్ మోడ్‌లో వాటి వెలుగు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది.

స్కాను చేసిన పాత పుస్తకాల విషయంలో నాకు సందేహమే లేదు, డార్క్ మోడ్ వద్దు. పాత కాగితం పసుపు రంగు తిరగబడితే ముదురు నీలం అవుతుంది. కాగితం మీది మరకలు, పురుగు తిన్న జాడలు, స్కానరులో పడిన దుమ్ము తెల్లని చుక్కలై అక్షరాల మధ్య మెరుస్తాయి. సీసపు అక్షరాలతో అచ్చువేసిన లెటర్‌ప్రెస్ పుస్తకాలలో ఒత్తిడికి విరిగిన టైపు ముక్కలు ఎటూ ఉంటాయి; వాటితో ఈ చుక్కలు కలిసినప్పుడు ఏది సున్నో, ఏది మచ్చో పోల్చుకోవడం కష్టమవుతుంది. బొమ్మలు నెగెటివ్‌లుగా మారడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

‘పలక మీద తెల్లని అక్షరాలతోనే కదా మనమంతా చదువు మొదలుపెట్టాము’ అనే వాదన తరచుగా వినబడుతుంది. పలక వెలగదు. గదిలోని వెలుతురే దాని మీద పడి తిరిగి వస్తుంది, కాబట్టి బలపపు గీతకు కళ్ళు మిరుమిట్లు గొలిపే శక్తి లేదు. పైగా దాని మీద అక్షరం గుప్పెడంత ఉంటుంది. పది పాయింట్ల అక్షరాలలో మూడు వందల పేజీల నవలను పలక మీద చదివినవారు ఎవరూ లేరు. తాటాకు గ్రంథాల సంగతి ఇంకా స్పష్టం: గంటంతో గీసిన గీతలు లేత ఆకు మీద సరిగా కనబడవు గనుకనే వాటిలో మసి పట్టించి నల్లగా చేసేవారు.

డార్క్ మోడ్ గెలిచే చోట్లు లేకపోలేదు. రాత్రి పక్కన పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఫోనులో సందేశం చూడడానికీ, అర్ధరాత్రి రైలు బెర్తు మీద తరువాతి స్టేషన్ ఏదో తెలుసుకోవడానికీ దానికి సాటి లేదు. కంటి శుక్లం వల్లనో మరో కారణం వల్లనో వెలుగు భరించలేనివారికి అది సౌకర్యం కాదు, అవసరం. వారి విషయంలో నా తీర్పు చెల్లదు. బ్యాటరీ ఆదా గురించి మాత్రం అంచనాలు కాస్త తగ్గించుకోవాలి. ఓఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నల్లని చుక్క ఆరిపోతుంది, కాబట్టి ఆదా నిజమే. అయితే అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం 2021లో వెల్లడించిన పరీక్షల ప్రకారం, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం వరకు ఆదా అయిన విద్యుత్తు, మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర సగటున 3 నుంచి 9 శాతమే ఆదా అయింది. ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది గనుక అక్కడ చెప్పుకోదగ్గ ఆదా లేదు. చీకటి గదిలో ఎల్‌సీడీ నలుపు నలుపుగా కూడా ఉండదు, బూడిద రంగులో పొగచూరినట్లు ఉంటుంది.

ఓఎల్ఈడీకి కూడా తనవైన లోపాలు ఉన్నాయి. అచ్చ నలుపు మీద పేజీని పైకి తోస్తే, ఆరిపోయిన చుక్కలు తిరిగి వెలగడంలో జరిగే ఆలస్యం వల్ల అక్షరాల వెంట ఊదా రంగు చార ఒకటి సాగుతుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడు చాలా ఫోనులు తెరను వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ వెలుగును తగ్గిస్తాయి; కంటికి అది కనబడకపోయినా కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. రాత్రి పూట డార్క్ మోడ్ పెట్టుకుని, బ్రైట్‌నెస్ అడుగుకు దించి, ‘అయినా తల పోటు తగ్గలేదు’ అనేవారు ఈ సంగతి గమనించాలి. గూగుల్ తన డిజైన్ సూచనలలో అచ్చ నలుపుకు బదులు 121212 అనే సంకేతం గల ముదురు బూడిద రంగును సిఫారసు చేసింది. నా అనుభవంలో అది సబబైన సలహా, అక్షరాలను కూడా అచ్చ తెలుపు నుంచి లేత బూడిదకు దించితే మరీ మంచిది. పగటి పూట బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఏ నలుపైనా ఒకటే, తెర అద్దమై మన ముఖాన్నే మనకు చూపిస్తుంది.

ఈ-ఇంక్ రీడరులో డార్క్ మోడ్‌ను వెంటనే కట్టేశాను. దాని నలుపు బొగ్గు బూడిద రంగు, పేజీ తిప్పినప్పుడు ముందు పేజీ అక్షరాల జాడలు లేతగా మిగిలి కనబడతాయి. మామూలు పద్ధతిలో ఆ తెర న్యూస్‌ప్రింట్ అంత మందకొడి తెలుపుతో ఉంటుంది, దీపం కింద చదివితే కాగితానికి దగ్గరగా వస్తుంది.

కాగితానికి కూడా ఒక డార్క్ మోడ్ ఉందని మరచిపోతుంటాము. పత్రికలలో నల్లని పట్టీ మీద తెల్లని అక్షరాలు వేయడాన్ని ప్రెస్సువారు రివర్స్ అంటారు. తెర మీద జరిగేదానికి ఇక్కడ సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: తెర మీద తెల్లని గీత ఉబ్బితే, కాగితం మీద చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి తెల్లని గీతను సన్నబరుస్తుంది. సన్నని గీతల ఫాంటుతో రివర్స్ వేస్తే వొత్తులు సిరాలో మునిగిపోతాయి. ఆ నలుపును నాలుగు రంగులు కలిపి తయారుచేస్తే, ప్లేట్లు వెంట్రుక వాసి కదిలినా అక్షరాల అంచులకు ఎరుపో నీలమో అంటుకుంటుంది. ముదురు ఎరుపు మీద బంగారు రంగు అక్షరాలు వేసిన శుభలేఖలో ముహూర్తం చదవడానికి పెద్దవారు కార్డును దీపం కిందకు తీసుకువెళ్ళడం నేను ఎన్నో పెళ్ళిళ్ళలో చూశాను. రివర్స్‌లో ఒక వాక్యం మించి వేయవద్దని నా దగ్గరకు వచ్చే ప్రతి డిజైనరుకూ చెబుతాను, కొందరు వింటారు.

కాగితంలోనూ తెలుపంతా ఒకటి కాదు. తెలుగు పుస్తకాలకు తరచుగా వాడే 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) నేచురల్ షేడ్ మాప్లితో కాగితం కాస్త మీగడ రంగులో ఉంటుంది, నా లెక్కలో చదవడానికి దానిని మించిన నేపథ్యం లేదు. మెరిసే ఆర్ట్ పేపరు మీద ట్యూబులైటు ప్రతిఫలిస్తుంది, పుస్తకాన్ని అటూ ఇటూ వంచుతూ చదవాలి. కాగితానికి ఉన్న అసలు బలం మరొకటి: గదిలో వెలుతురు తగ్గితే కాగితం కూడా తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. తెర అలా తగ్గదు, దానిని మనమే తగ్గించాలి. అందుకే నేను ల్యాప్‌టాప్ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, తెర తెలుపు కాగితం తెలుపుతో సమానంగా కనిపించే వరకు బ్రైట్‌నెస్ దించుతాను. కాగితం కంటే తెర ప్రకాశవంతంగా ఉంటే అది దీపాన్ని చూస్తూ చదవడమే. ఆ తరువాత నేపథ్యాన్ని మాప్లితో రంగుకు మార్చుకుంటాను. ఇలా సర్దుకున్న తెల్లని తెర ముందు సాయంత్రం దాకా కూర్చున్నా, డార్క్ మోడ్ కోసం చేయి పోవడం లేదు. డార్క్ మోడ్ లేకపోతే బతకలేమనే స్నేహితుల ఫోనులు తీసి చూస్తే, తెల్లని తెర బ్రైట్‌నెస్ గది లోపల కూడా నిండు స్థాయిలో ఉండడం మామూలు.

పిల్లల విషయంలో ఒక మాట. జర్మనీలోనే ట్యూబింగెన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు చదివినప్పుడు కంటి వెనుక భాగంలో రక్తనాళాలుండే కోరాయిడ్ పొర కొద్దిగా పలుచబడిందనీ, నల్లని నేపథ్యంతో మందమైందనీ గమనించారు. ఆ పొర పలుచబడడానికీ హ్రస్వదృష్టి పెరగడానికీ సంబంధం ఉంది. కొద్దిసేపటి చదువు మీద చేసిన ప్రయోగం కాబట్టి దాని ఆధారంగా పిల్లల పుస్తకాలను నల్లగా మార్చమని ఎవరూ చెప్పలేరు. నా వంటి చత్వారపు కంటికి మేలైనది ఎదిగే కంటికి కూడా మేలని నేనూ చెప్పలేను.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్‌తో నాకున్న పేచీ. పాత పుస్తకాలను అందరూ కలిసి టైపు చేసి పెట్టే వికీసోర్స్ వెబ్‌సైటు వంటి చోట పుస్తకపు స్కాను ఒక పక్కన, టైపు చేసిన పాఠం మరొక పక్కన పెట్టి దిద్దుతాము. ఫోనుకో బ్రౌజరుకో మొత్తంగా డార్క్ మోడ్ పెడితే స్కాను తెల్లగానే ఉండి పాఠం మాత్రం నల్లబడుతుంది, ప్రతి వరుసకూ కంటిపాప ఒకసారి మూసుకుని ఒకసారి విప్పుకోవలసి వస్తుంది. ఈ పనికి ఇంతకంటే అనువుకాని అమరిక ఉండదు. పీడీఎఫ్ రీడర్లలో కొన్ని మెనూలనూ అంచులనూ ముదురు రంగులో ఉంచి పేజీని మాత్రం లేతగా వదిలే వీలు కల్పిస్తున్నాయి, రాత్రి పూట పనికి నేను వాడుతున్నది అదే. ప్రతి పుస్తకానికీ విడిగా నేపథ్యపు రంగూ, అక్షరపు మందమూ గుర్తుపెట్టుకునే తెలుగు రీడర్ ఏదైనా ఉంటే డబ్బు పెట్టి కొనడానికి సిద్ధంగా ఉన్నాను.