టెల్ అవీవ్ హీబ్రూ వాకింగ్ టూర్: ఇల్లు బాగా చూపించారు, అసలు మనిషిని దాటేశారు

నేను టెల్ అవీవ్‌లో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా చేస్తున్నా, మాది జగిత్యాల వైపు. ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి పనికొస్తుందని రాస్తున్నా. హీబ్రూ నేను ఏ క్లాసుకీ వెళ్లి నేర్చుకోలేదు, ఆవిడ తిడుతుంటే వంటింట్లో వచ్చేసింది. అందుకే "హీబ్రూ మళ్లీ ఎలా బతికింది" అని మూడు గంటల నడక టూర్ ఉందని తెలిసి, సెలవు రోజు చూసుకుని వెళ్లా. టికెట్ తక్కువేం కాదు. నడిపేవాళ్ల పేరు రాయను.

ముందు బాగున్నది చెప్తా. బియాలిక్ వీధిలో 22వ నంబరు ఇల్లు. హయ్యిం నహ్మాన్ బియాలిక్ అనే హీబ్రూ కవి కట్టించుకుని 1925లో దిగిన ఇల్లు, బాగు చేసి 2009లో మళ్లీ తెరిచారు. కింది హాల్లో స్తంభాలకి జెరూసలేంలోని బెజలేల్ అనే కళల బడి వాళ్లు చేసిన బొమ్మల పలకలు అతికించి ఉంటాయి, వాటి మీద ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలు. చిన్నప్పుడు సండే స్కూల్‌కి పోయినవాళ్లకి రూబేను, యూదా, బెన్యామీను అని పేర్లు నోటికి వచ్చే ఉంటాయి కదా, వాళ్లే! నేను వేలు పెట్టి ఒక్కో పేరు చదువుతుంటే పక్కనున్న జర్మన్ ఆవిడ నన్నే గైడ్ అనుకుంది. ఆ ఇంటికి జనం తాకిడి ఎక్కువైపోయి, చివరికి కవిగారు పక్క ఊరు రమత్ గన్‌కి మకాం మార్చేశాడు. ఆయన శనివారం సాయంత్రాలు సభలు పెట్టేవాడు: ఉపన్యాసం, పాటలు, పదిమంది కలవడం. గుడికి వెళ్లని వాళ్లకి కూడా సబ్బాతు, అంటే యూదుల శనివారం విశ్రాంతి రోజు, ఉండాలని. ఈ భాగం గైడ్ చాలా బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి.

గొడవంతా తర్వాతే. బియాలిక్‌కి గురువులాంటివాడు అహద్ హాఆం. అసలు పేరు ఆషేర్ గిన్స్‌బర్గ్, కలం పేరుకి అర్థం "జనంలో ఒకడు". ఆయన పేరున్న వీధిలో మమ్మల్ని ఎండలో నిలబెట్టి గైడ్ చెప్పిందేంటంటే, ముసలాయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వీధిలో రాకపోకలు ఆపేసేవాళ్లని. అందరూ నవ్వారు. ఇక పదండి అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే టూర్ కాగితం మీద పెద్ద అక్షరాలతో వేసుకున్న "ఆధ్యాత్మిక పునరుజ్జీవనం" ఆయన ఆలోచనే. యూదులు పాలస్తీనాలో గబగబా భూములు కొని ఊళ్లు కట్టేయడం కాదు దారి, ముందు మనుషుల మనసు తయారవ్వాలి అని 1889లోనే రాశాడు. యూదుల కష్టం వేరు, యూదుతనానికి వచ్చిన కష్టం వేరు అనేవాడు. అందరూ పాలస్తీనాకి రాలేరు, రానక్కర్లేదు కూడా, అక్కడ చిన్న కేంద్రం ఒకటి నిలబడితే దాని భాషా చదువూ ఆలోచనా ఎక్కడెక్కడో ఉన్న యూదులందరికీ అందుతాయని ఆయన లెక్క. యూదులకి సొంత దేశం కావాలన్న నాయకుడు హెర్జెల్ 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పెట్టిన మహాసభకి వెళ్లి, పెళ్లింట్లో అయినవాళ్లు పోయిన దుఃఖంలో ఉన్నవాడిలా కూర్చున్నానని రాసుకున్నాడు.

ఆధ్యాత్మికం అనగానే మనకి భజనలు, ప్రవచనాలు గుర్తొస్తాయి. ఈయన అలాంటి భక్తుడేం కాదు. హీబ్రూలో ఆ మాటకి మూలం రూఆఖ్. మా పెద్దావిడ నోట్లో రోజూ ఉండే మాట: కిటికీ వెయ్యి, రూఆఖ్ కొడుతోంది అని. గాలికీ అదే మాట, ఆత్మకీ అదే. గైడ్‌కి ఇది చెప్పడం అర నిమిషం పని.

ఇంకోటి. అహద్ హాఆం 1891లో పాలస్తీనా తిరిగొచ్చి, దున్నకుండా వదిలేసిన మంచి నేల అక్కడ దొరకడం కష్టమనీ, అరబ్బులు ఏమీ తెలియని అడవి మనుషులు కారనీ, అక్కడికి వచ్చిన యూదులు వాళ్లతో దురుసుగా ఉంటున్నారనీ రాశాడు. దీని ఊసే లేదు. గైడ్‌ని అడిగితే టైమ్ లేదన్నాడు. తీరా చూస్తే రెండుంపావు గంటలకే టూర్ అయిపోయింది! చెవిలో పెట్టుకునే రిసీవర్ కూడా సగం దారిలో గరగరమని ఆగిపోయింది, మార్చమంటే ఇంకోటి లేదట.

అహద్ హాఆం వీధిలోనే షాలోమ్ టవర్ దగ్గర ఆపారు. అన్ని పాఠాలూ హీబ్రూలోనే చెప్పిన హెర్జ్‌లియా హైస్కూల్ బిల్డింగ్‌ని 1962లో కూల్చి ఆ చోట కట్టిన టవర్ అది. మన గిడుగు రామమూర్తి గారు నోట్లో ఉన్న తెలుగుని పుస్తకంలోకి తేవడానికి కొట్లాడితే, వీళ్లు పుస్తకంలో ఉండిపోయిన భాషని నోట్లోకి తెచ్చారు. అలా తెచ్చిన బడి చోట ఇప్పుడు ఆఫీసులు. ఫొటోలు తీసుకోండి అని ఐదు నిమిషాలిచ్చారు.

చివర ట్రంపెల్‌డోర్ వీధి శ్మశానం. అహద్ హాఆం, బియాలిక్, గురువూ శిష్యుడూ ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. నీడ తక్కువ, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు.

ఐదుకి మూడు ఇస్తా, ఆ మూడూ బియాలిక్ ఇంటికే. దానికి టూర్ అక్కర్లేదు, సొంతంగా వెళ్లి చూసుకోవచ్చు. ఇంటికొచ్చి మా పెద్దావిడకి ఇదంతా చెప్తే, అహద్ హాఆం విసోట్‌స్కీ టీ కంపెనీలో ఉద్యోగం చేసి బతికాడు, అదైనా చెప్పారా అని అడిగింది. చెప్పలేదు. అప్పుడు నేను ఆవిడకి పెడుతున్న టీ డబ్బా మీద పేరు కూడా అదే.